వెనక చాప

మొన్న ద్వారకా నగర్‌లో చేతివృత్తుల వస్తువులు అమ్మే దుకాణంలో, మూలన చుట్టచుట్టి నిలబెట్టిన తుంగచాప ఒకటి కనిపిస్తే విప్పించి చూశాను. విప్పగానే గుప్పుమన్న పచ్చి తుంగ వాసనకి నేను కొనడానికొచ్చిన దిండుగలీబుల సంగతి మరిచిపోయి, చెప్పులు విడిచి, ఆ చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. దుకాణంలో అమ్మాయి కంగారుపడింది. "ఏటమ్మా, కళ్లు తిరిగేయా?" అంది. లేదమ్మా, చిన్నప్పటి చర్చి గుర్తొచ్చింది అన్నాను.

ఈ సంగతి రాసి పెట్టడానికి నాకో కారణముంది. మల్కాపురంలో మా పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టారు. ప్రతిష్ఠ రోజున పంచిపెట్టిన పుస్తకంలో పునాదిరాయి వేసినవారి ఫొటోలు, ఫ్యాన్లు ఇచ్చినవారి పేర్లు, గంట తెప్పించిన వైనం అన్నీ వేశారు గానీ, గుమ్మం పక్కన పరిచే వెనక చాప గురించి ఒక్క ముక్క కూడా లేదు. నేను పదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తరవాత చదువంతా గ్రంథాలయం బల్ల దగ్గరే. ఇతర దేశాల చర్చిల చరిత్రలు కూడా దొరికినంతవరకు చదివాను. ఒకచోట తప్పు చేసినవాళ్లని అందరికీ కనబడేలా ఎత్తుపీట మీద కూర్చోబెట్టేవారట, మరోచోట తెల్లదుప్పటి కప్పి గుమ్మంలో నిలబెట్టేవారట. తప్పు చేసినవాళ్లతోపాటు తప్పు పట్టినవాళ్లని కూడా కూర్చోబెట్టిన సంఘం మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు. అది మా మల్కాపురంలో ఉండేది. చూసినవాళ్లం కొద్దిమందిమే మిగిలాం కాబట్టి రాస్తున్నాను.

అప్పట్లో మా చర్చి అంటే పొడుగాటి రేకుల షెడ్డు. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు, అందరూ చాపల మీదే. ఆదివారం పొద్దున్న ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకుని, తల మీద కొంగు వేసుకుని బయలుదేరేవారు. చర్చి చేరేలోపే ఓడరేవు వైపు నుంచి గాలికి ఎగిరొచ్చే ఎర్రదుమ్ము ఆ చీరల అంచులకి ఒక రంగు అద్దేది. ప్రతి ఇంట్లోనూ బియ్యం ఎసట్లో పోసేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి కుండలో పక్కన పెట్టి, వారానికొకసారి తెచ్చి, మేం అయ్యగారనే పాస్టరు ముందు బుట్టలో పోసేవారు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోయిన ఆ బుట్టలోంచే ఆ వారం ఇంట్లో ఇబ్బందిగా ఉన్నవాళ్లకి వెళ్లేవి. మంచు పడే డిసెంబరులో వెదురుబద్దలు చీల్చి, రంగు కాగితాలంటించి నక్షత్రాలు చేసేవాళ్లం. మైదాపిండి జిగురు చేతులకి ఎండి పొలుసులై రాలుతుంటే వాటిని గిల్లుకోవడమే మాకో ఆట. క్రిస్మస్‌నాటి ప్రేమ విందులో గోంగూర, మాంసం కలిపి వండిన కూర వాసన రిఫైనరీ వైపు నుంచొచ్చే కిరసనాయిలు వాసనని కూడా ఓడించేది. బెల్లం గవ్వలు జేబుల్లో కరిగి, కొత్త గౌన్లకి అంటుకుని, పాటలు పాడుతున్నంతసేపూ చీమలు మా వెంటే ఉండేవి.

ఇక వెనక చాప సంగతి. ఎవరి మీదైనా సంఘంలో తప్పు మోపితే, ఆ మనిషి ముందు వరసలు వదిలి గుమ్మం పక్క చాప మీద కూర్చోవాలి. నెలకొకసారి ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, అంటే మేం 'బల్ల' అనేది, ఆ మనిషికి అందదు. పెళ్లి, నామకరణం లాంటి శుభకార్యాలేవీ జరగవు. ఇంతవరకూ చాలా సంఘాల్లో ఉన్నదే. కానీ మా మొట్టమొదటి అయ్యగారు పెట్టిన పద్ధతి ఇంకోటుంది. తప్పు మోపినవాళ్లు కూడా వచ్చి ఆ చాప మీదే, పక్కనే కూర్చోవాలి. వాళ్లకీ బల్ల ఉండదు. ఆదివారం తమ ఇంట్లో వండిన కూర స్వయంగా అవతలివాళ్ల ఇంటికి పట్టుకెళ్లాలి. ఎన్నాళ్లు అంటే లెక్క లేదు. తప్పు మోపిన మనిషికి మనసొప్పి, అందరి ముందూ లేచి, అవతలి మనిషికి చెయ్యిచ్చి లేపి ముందు వరసకి తీసుకెళ్లే దాకా. అలా తీరిన మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. పిల్లలకి మాత్రం ఆ చాపంటే ఆశ. షెడ్డంతా ఉడికిపోతున్నా, గాలి తగిలే చోటు అదొక్కటే.

మా మామ్మ రూతమ్మ సంఘానికి కాపలాదారు. ఎవరి జడలో కనకాంబరం ఉంది, ఎవరు ప్రార్థనలో కునుకు తీశారు, ఎవరి అబ్బాయి సినిమా హాలు వైపునుంచి వచ్చాడు, అన్నీ ఆవిడకి కావాలి. అలా పట్టుకున్నవాటిని ఇంటి దగ్గర చెప్పి సరిపెట్టుకునేది. చాప దాకా ఎప్పుడూ తీసుకెళ్లలేదు. బల్ల తప్పిపోతుందని భయం.

ఆవిణ్ణి చాప మీదకి తెచ్చింది ఎస్తేరు పిన్ని పెళ్లి. ఎస్తేరు పిన్ని మా పక్క సందులో కుట్టుమిషను పెట్టుకుని, మాకు ఆదివారం బళ్లో పాటలు నేర్పేది. గోపాలపట్నం నుంచి స్టీల్ ప్లాంటులో పనిచేసే ప్రసాదు అనే అబ్బాయితో సంబంధం కుదిరింది. అబ్బాయి తల్లి మహా పట్టింపు మనిషి. ఉపవాసాలుండే శ్రమదినాలు మొదలైతే ఈస్టరు దాకా పెళ్లిళ్లుండవు కాబట్టి, ఈలోపే పెళ్లి కావాలి, కాకపోతే వేరే పిల్లని చూసుకుంటాం అని ముందే చెప్పింది. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. రెండు అయిపోయాయి. మూడోసారి అయ్యగారు చదివి, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముందా?" అని, ఎప్పటిలాగే జవాబు కోసం ఆగకుండా కాగితం మడవబోయారు.

"నాకున్నాది అయ్యగారూ," అని మామ్మ లేచింది.



"మొన్న జాలారిపేట పండగనాడు ఈ ఎస్తేరు గుంట నెత్తిన అమ్మోరి ముర్రాట కడవ సూసినాను. రేషన్ కొట్టు కాడి నుంచి వస్తా నా కళ్లతో సూసినాను. కాదనమనండి."

ముర్రాట అంటే అమ్మవారికి మొక్కుకుని తీసుకెళ్లే పసుపునీళ్లు. మా సంఘంలో పండగ ప్రసాదం ముట్టుకోవడమే తప్పు, ఇక కడవ నెత్తిన పెట్టుకోవడమంటే మాటలు కాదు.

"ఎస్తేరూ, నిజమేనా?" అన్నారు అయ్యగారు.

"మోసేనండి."

"ఎందుకమ్మా?"

పిన్ని తల వంచుకుంది. "అది నాను సెప్పకూడదండి."

ఇంకేముంది, కాగితం అయ్యగారి జేబులోకి వెళ్లింది, పిన్ని వెనక చాప మీదకి వెళ్లింది. అందరూ మామ్మ వైపు చూశారు. కోపంలో మామ్మకి పద్ధతిలో రెండో సగం గుర్తులేదు. గుర్తొచ్చాక కొంగు బిగించి, అందరినీ దాటుకుంటూ గుమ్మం దాకా నడిచి, పిన్ని పక్కన చతికిలబడింది. గాలి కోసం నేనూ వెళ్లి వాళ్లిద్దరి వెనకా చేరాను.

"ఎడంగా కూకో. కొంగు సరిగ్గా ఏసుకో," అంది మామ్మ.

"ఏసుకున్నాను మామ్మా. జారిపోయింది నీది."

ఆ మధ్యాహ్నం మామ్మ కోడికూర వండింది. కోపం కోపమే, కానీ పిన్ని తల్లి తన కూరకి వంక పెట్టకూడదు కదా. మసాలా మళ్లీ నూరింది, రుచి చూసింది, నాచేత చూపించింది, గిన్నె మీద మూతపెట్టి తనే పట్టుకెళ్లి, వాళ్ల గుమ్మంలో పెట్టి వచ్చేసింది. పైవారం చాప మీద కూర్చోగానే ప్రసంగం జరుగుతుండగానే అడిగింది.

"కూరలో ఉప్పెలాగున్నాది?"

"కూసింత ఎక్కువైంది మామ్మా."

"నిజమే సెప్తావు. మరా కడవ సంగతీ సెప్పరాదేటే?"

"అదొద్దు మామ్మా."

వారాలు గడుస్తున్నాయి. గోపాలపట్నం నుంచి కబురు మీద కబురు. పిన్ని తల్లి మా ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర ఏడ్చింది. మా అమ్మ మామ్మతో మాట్లాడటం మానేసింది. మామ్మ మాత్రం "నిజం సెప్పమను, ఇప్పుడే లేపుతాను" అనేది. ఆదివారమైతే మళ్లీ పొయ్యి రాజేసేది. చాప మీద ఇద్దరూ మాత్రం, తమకి తెలియకుండానే, ఒకే పాటల పుస్తకంలో చూడటం మొదలుపెట్టారు. మామ్మకి చిన్న అక్షరాలు ఆనేవి కావు, పిన్ని వేలుపెట్టి చూపించేది.

శ్రమదినాలకి ఇంకో ఆదివారమే మిగిలుండగా, కానుకల పాట జరుగుతున్నప్పుడు గుమ్మం దగ్గర చేపల వాసన వచ్చింది. తలెత్తి చూస్తే నూకాలు. పిన్ని ఈడుదే, పిన్ని వాళ్ల గోడకి అవతల ఇల్లు, హార్బరులో చేపలు కొని ఇళ్లకి తిరిగి అమ్మేది. చంకలో నెల దాటిన పసిపిల్ల, చేతిలో బుట్ట.

"ఓలమ్మా, పెళ్లికూతురివి గుమ్మం కాడ కూకున్నావేటే?"

పిన్ని వద్దన్నట్టు కళ్లతో సైగ చేసింది. నూకాలు సైగలు వినే మనిషి కాదు. గుమ్మంలోనే కూలబడింది. పండగనాడు కడవ మోసినందుకని నేను వెనకనుంచి చెప్పేశాను.

"పురుట్లో ఉండిపోయి నాకు తెలీలేదు. నా కడవకేనా ఇదంతా? మామ్మా, ఇటు సూడు. పండగనాటికి నాకు నెలలు నిండిపోయాయి. నడిదారిలో కళ్లు బైర్లు కమ్మేసినాయి. మొక్కు కడవ కింద ఎట్టకూడదు, పడెయ్యకూడదు. మా అత్త ముందెల్లిపోయింది. ఈ గుంటే పరిగెట్టుకొచ్చి కడవ అందుకుంది. ఒట్టేయించుకున్నాను, ఎవులికీ సెప్పొద్దని. మొక్కు కడవ ఏరేవోలు మోసినారంటే మా అత్త నన్ను బతకనిస్తాదేటి?"

"ఇప్పుడు మీ అత్తకి తెలిస్తే?" అంది పిన్ని గాభరాగా.

"నానే సెప్పేసినాను. 'నీళ్లు ఒలక్కుండా సేరినాయా లేదా? సేరితే ఇంకేటి గోల, ఎల్లి ఆ పిల్లకి కవ్వళ్ల సేపలు ఇచ్చి రా' అన్నాది. ఇవిగో."

మామ్మ బుట్ట వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. పిన్ని వైపు తిరిగి అడిగింది. "కడవ నెత్తినెట్టుకున్నప్పుడు మనసులో ఏటనుకున్నావే?"

"ఒలికిపోకూడదనుకున్నాను మామ్మా. సాలా బరువున్నాది."

మామ్మ భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాను. ముందుకొంగి చూస్తే, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

కానీ ఆరోజు లేవలేదు. నూకాలు అత్త, చేపలు పట్టే జాలారి ముసలమ్మ, ఒక్క మాటతో తేల్చేసిన సంగతికి తనకి ఇన్ని ఆదివారాలు పట్టాయన్నది వారమంతా ఆవిణ్ణి తినేసింది. "ఆవిడ సదూకోలేదు, వాక్యం ఇన్లేదు" అని తనలో తను గొణుక్కునేది. చివరి ఆదివారం వచ్చింది. ప్రసాదు తల్లి గోపాలపట్నం నుంచి వచ్చి ముందు వరసలో కూర్చుంది. అయ్యగారు ప్రకటనల దగ్గర ఆగి, జేబులో చెయ్యి పెట్టి, గుమ్మం వైపు చూశారు. పిన్ని తల్లి చేతులు జోడించుకుని ఉంది.

మామ్మ అరచెయ్యి చాపకి ఆనించి లేవబోయింది. లేవలేకపోయింది. ఇన్ని వారాలు కటికనేల మీద ఆ పలచటి చాపన కూర్చున్న మోకాళ్లు పట్టేశాయి. మళ్లీ ప్రయత్నించింది. పద్ధతి ప్రకారం చెయ్యివ్వాల్సింది మామ్మ కాబట్టి, పిన్ని చెయ్యి చాచాలో వద్దో తెలియక బిక్కమొహం వేసుకుని కూర్చుంది.

"సూస్తావేటే, లేపు!" అంది మామ్మ, షెడ్డంతా వినబడేలా.

పిన్ని లేచి, మామ్మ రెండు చేతులూ పట్టుకుని లేపింది. అలాగే చేతులు పట్టుకుని ఇద్దరూ ముందు వరస దాకా వెళ్లారు. మగవాళ్ల వైపు నవ్వు మొదలై, ఆడవాళ్ల వైపుకొచ్చి, అయ్యగారి దాకా వెళ్లింది.

"ఎవులు ఎవుల్ని లేపేరో మీరే సూసేరు కదా. ఇంక ఆ కాగితం సదవండి," అంది మామ్మ.

పెళ్లి శ్రమదినాలు మొదలయ్యేలోపే జరిగింది. విందుకి నూకాలు అత్త వంజరం చేప పంపింది, మనిషి చెయ్యంత పొడుగుది. మామ్మ దాని చుట్టూ తిరిగి, "అమ్మోరికి గానీ సూపించేవేటే?" అని అడిగింది. "ఇంత పెద్ద సేపని అమ్మోరికి సూపిస్తే మీ దాకా రానిస్తాదేటి మామ్మా" అంది నూకాలు. వడ్డన దగ్గర ప్రసాదు తల్లి, "ఏదో కడవ గొడవంట?" అని మెల్లిగా కదిపింది. "తీరిపోయినాదమ్మా. ఇప్పుడెత్తితే మీరొచ్చి ఆ చాప మీద కూకోవాల, కూరొండి తేవాల" అంది మామ్మ. ఆవిడ ఇంకో ముక్క వంజరం వేయించుకుంది.

ఇప్పుడు మా చర్చిలో చాపల్లేవు, కుర్చీలున్నాయి. చల్లటి గాలి గుమ్మం దగ్గరే కాదు, అన్ని వరసలకీ సమానంగా వస్తుంది. తప్పులు మోపడం మానేశామని కాదు. అవి ఫోనులో గ్రూపులోకొస్తాయి, ఒక్కోసారి పేరు లేకుండా, ఒక్కోసారి బైబిలు వాక్యం జోడించి. మోపినవాళ్లు ఎవరి పక్కనా కూర్చోనక్కర్లేదు, ఎవరికీ కూర వండనక్కర్లేదు.

ఇది రాయడానికి సాయపడినవాళ్లకి వందనాలు. గోపాలపట్నంలో మనవలకి పాటలు నేర్పుతూ, ఉప్పు సంగతి మరిచిపోవద్దని గుర్తుచేసిన ఎస్తేరు పిన్నికి. తన మాటలు ఉన్నవి ఉన్నట్టు వెయ్యమని, సోకు చెయ్యొద్దని చెప్పిన నూకాలమ్మకి. ఆనాటి గుమ్మం ఏ దిక్కున ఉండేదో నాతో వచ్చి చూపించిన మా తమ్ముడు దానియేలుకి. ఇతర దేశాల ఎత్తుపీటల గురించి ఉన్న పుస్తకాలన్నీ దుమ్ముదులిపి తీసిచ్చిన గ్రంథాలయం సుబ్బలక్ష్మి గారికి. వంట, కోపం రెండూ ఒకే పొయ్యి మీద చేసిన మా మామ్మ రూతమ్మకి.

ఇంకొకరున్నారు. మొన్న ద్వారకా నగర్ దుకాణంలో ఆ చాప మీద నుంచి లేవబోతే నాకూ మోకాళ్లు సహకరించలేదు. దుకాణంలో అమ్మాయి నవ్వుకుంటూ వచ్చి రెండు చేతులూ అందించింది. పేరడిగితే గౌరి అంది. ఆ గౌరికి కూడా.