కొత్త బట్టలో వడగట్టిన ద్రాక్షరసం

ఆ రోజుల్లో బంద్ అంటే నిజంగా బందే. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేసేవారు, బస్సులు డిపో దాటేవి కావు. కోరుట్లలోని మా సంఘానికి జగిత్యాల నుంచి రావలసిన ద్రాక్షరసం సీసాలూ రాలేదు. వచ్చేది నెలలో మొదటి ఆదివారం, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల. మా బాపు, అంటే నాన్న, పాస్టరు కాబట్టి దిగులంతా ఆయనదే. నేను డిగ్రీ చదువుతూ, ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని, నాకు దిగులెందుకు? "రసం నేను జేస్త బాపూ, నువ్వు ప్రార్థన జేస్కో" అన్నాను. (పనిని అంత సమంగా పంచిన ఘనత నాదే.) ఈసారి బల్ల తప్పడానికి వీల్లేదు. రాయికల్‌లో మంచాన పడి ఉన్న మా సంఘపు పెద్ద అవ్వ, "ఒక్కపారి బల్ల అందుకుంట, ఎనుక ఆయనిష్టం" అని కబురు పంపింది. మంచినీళ్లు తాగినా పొలమారి దగ్గుతున్న మనిషి. బస్సు లేకపోతేనేం, బండి మీద కూర్చోబెట్టుకుని తెస్తానన్నాడు మనవడు.

కిరాణా సేటు షట్టర్ సగం లేపి, ఉన్న ఎండుద్రాక్షంతా పొట్లం కట్టి, "జై తెలంగాణ" అని మళ్లీ దించేశాడు. నానబెట్టి, చక్కెర వేసి ఉడికించి, పప్పుగుత్తితో మెదిపాను. ఇక వడగట్టడం. చాయ్ జాలిలో పోస్తే తొక్కలు ఆగాయి గానీ నలకంతా దిగింది. పిండి జల్లెడ అంతకన్నా అధ్వాన్నం. అమ్మ బాపు పాత ధోతి తెచ్చింది. "గీ ధోతి ఉతికి ఉతికి మెత్తగైంది. గిండ్ల పోసి కొక్కేనికి ఏలాడదియ్యి, దానంతటదే దిగుతది" అంది. నాకు తల కొట్టేసినట్లయింది. "పాతదాంట్లనా? కొత్త రసం కొత్త తోలు తిత్తిలనే పొయ్యాలని వాక్యం లేదా అమ్మా?" "గది తిత్తుల ముచ్చట పిల్లా, ధోతుల ముచ్చట గాదు!" అంది అమ్మ. వాక్యం నేర్చుకున్నది నేను కదా, వింటానా? సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మేనమామ ఇచ్చిన తెల్లబట్ట పెట్టెలో ఉంది. మగ్గం దిగాక నీటిచుక్క ఎరుగని బట్ట. శుద్ధి కూడా కావాలని దాన్ని రసంలోనే వేసి కుతకుత తెర్ల కాచాను. తర్వాత అందులోనే వడగట్టి, ఓపిక చాలక గట్టిగా పిండాను. వేడి మీద రసం ఎంత నిగనిగలాడిందని!

నేతకు ముందు నూలుకు గంజి పట్టిస్తారని నాకు తెలియంది కాదు. తెలిసినదంతా సమయానికి గుర్తుకు రావాలని ఎక్కడుంది? తెల్లవారి, ఆదివారం, మూత తీస్తే బట్టలోని గంజంతా రసంలోకి దిగి, చెంచా నిలబడింది. బాపు గిన్నె వంచి చూశాడు, రసం కదల్లేదు. "గిది తాగుడా, నాకుడా బిడ్డా?" అన్నాడు. "నేను జెప్పలె?" అంది అమ్మ. నీళ్లు కలిపితే ఉండలు కట్టింది. ఇంకో ఎండుద్రాక్ష గింజ ఊళ్లో లేదు, బయట అవ్వను తెచ్చిన బండి ఆగిన చప్పుడు. బాపు నిట్టూర్చి, "ఉన్నదే పంచుదాం" అని చిన్న గ్లాసుల్లోకి చెంచాతో పెట్టాడు.

ప్రార్థన అయింది. సంఘమంతా ఒక్కసారి గ్లాసులెత్తి తలలు వెనక్కి వంచింది. అలాగే ఉండిపోయింది. దూలాల వైపు చూస్తూ, నోళ్లు తెరుచుకుని, పెద్దలూ పిల్లలూ ఎదురుచూస్తున్నారు. నాకు భూమిలోకి కుంగిపోదామనిపించింది. ఆ నిశ్శబ్దంలో, గోడకానుకుని కూర్చున్న అవ్వ గొంతు స్పష్టంగా వినిపించింది: "గియ్యాల్ల ప్రభువు మెల్లెగ అస్తున్నడే బిడ్డా." నవ్వు ఆపుకోలేక బాపే పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అందరం ఆమె దగ్గు కోసం భయపడుతూ చూశాం. అవ్వ గుటక వేసింది. దగ్గు రాలేదు. పల్చటి నీళ్లకు పొలమారే గొంతులోంచి ఆ చిక్కటి రసం నెమ్మదిగా, భద్రంగా దిగిపోయింది. అవ్వ గ్లాసు అడుగు వేలితో తుడిచి ఆ వేలూ నాకి, "సల్లగున్నది" అంది.

దేవుడు గంజిని కూడా వాడుకుంటాడని నేను ఆ రోజు నమ్మాను, ఇవాళా నమ్ముతాను. ఇప్పుడు సంఘంలో ఆడపిల్లలకు రసం చేయడం నేర్పేది నేనే. పాత నూలుబట్ట చాలు, వేడినీళ్లలో జాడించండి, పిండకండి, చుక్కచుక్కగా దిగనివ్వండి అని చెబుతాను. బుద్ధిగా తలలూపి, చెప్పినట్టే చేస్తారు. రసం అద్దంలా వస్తుంది. అయినా వాళ్లలో ఒక్కతైనా నడుం మీద చేయి పెట్టుకుని నాతో వాక్యం మీద వాదానికి దిగుతుందేమోనని, ఎందుకో, ప్రతిసారీ కాసేపు ఆగి చూస్తాను.