జట్టులో నా పేరు రాయని చిన్నాయన

పోయిన మంగళవారం పొద్దున నేను కోలారులో పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన ఇంగ లేడమ్మా. కాఫీ అడిగినాడు, తెచ్చేలోపల పోయినాడు" అనింది. ఆ మాట విన్నాక గూడా చానాసేపు భుజం మీది బ్యాగు దించలేదు నేను.

ఆయన మా నాయనకి తమ్ముడు. కేజీఎఫ్ బజార్లో మాది గుడ్డలంగడి. ఆయన్ని అంగట్లో కూర్చోబెట్టాలని మా తాత ఎంత చూసినా కుదర్లేదు. చాంపియన్ రీఫ్స్ గని మైదానంలో గని మనుషులతో ఆడి ఆడి ఆఫ్ స్పిన్ నేర్చినాడు. గాలి లేస్తే, బంగారం తీసినాక పారబోసిన సైనైడ్ దిబ్బల దుమ్ము కండ్లలో పడే నేల అది. రాష్ట్ర జట్టుకి ఆయన్ని మూడుసార్లు పిలిచినారు. మూడుసార్లూ పన్నెండో మనిషే. "లోపలికి పోయినాను గదమ్మా, నీళ్ళు తీసుకోని!" అని నవ్వేవాడు. నవ్వు అయిపోయినాక మాత్రం చూపుడువేలిని బొటనవేలితో రుద్దుకునేవాడు.

ఆట మానినాక జిల్లా క్రికెట్ సంఘానికి సెక్రటరీ అయినాడు. అప్పటికి గనులు మూతబడి, క్లబ్బులు ఒకటొకటే ఆగిపోతా ఉన్నాయి. మ్యాచ్ రోజు అందరికంటే ముందు వచ్చి, పిచ్ మీద కొబ్బరినార చాప పరిచి మేకులు కొట్టేది ఆయనే. "సెక్రటరీ అంటే ఏమనుకున్నావు? ముందొచ్చి చాప పరిచేవాడు, కడాన చుట్టిపెట్టేవాడు" అనేవాడు. ఆ చాపని మా గోడౌన్లో పట్టుచీరల పక్కన పెడితే, దుమ్ము దుమ్మని మా నాయన అరిచేవాడు.

ఆడపిల్లల జట్టు కోసం ఆయన ఇల్లిల్లూ తిరిగినాడు. కామసముద్రంలో ఒక రైతు, "పొద్దున పాలు పిండేది మా పాపే సార్. ఆటకి పంపిస్తే ఆవుల్ని ఎవురు చూసేది?" అన్నాడు. "పాలు పిండినాకే పంపించప్పా, నేనే వచ్చి పిల్చుకోని పోతాను" అన్నాడు చిన్నాయన. అన్నట్టే ఏడాదంతా స్కూటర్ మీద పోయి పిల్చుకోని వచ్చినాడు.

రాష్ట్ర జట్టుకి మా జిల్లా నించి ఒక్కరికే చోటు వచ్చింది. ఆ ఆడపిల్లల జట్టులో నేనూ ఆడేదాన్ని; నాదీ ఆఫ్ స్పిన్నే, ఆయన దగ్గర నేర్చిందే. ఇంట్లో అందరూ నాకే అనుకున్నారు. ఆయన కామసముద్రం అమ్మాయి పేరు రాసినాడు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి నా ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"నువ్వు బాగా వేసినావమ్మా. ఆ పాప నీకంటే బాగా వేసింది."

"నేను నీ అన్న కూతుర్ని గదా చిన్నాయనా!"

"అందుకే చెప్పేదానికి ఇంటికొచ్చినాను."

రెండేండ్లు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం వస్తానే ఉన్నాడు. వాకిట్లో నిలబడి, "పాప బాగుండాదా?" అని మా అమ్మని అడిగి పోయేవాడు. నేను తలుపు వెనకాల వింటా ఉండేదాన్ని. ఇప్పుడు ఎవురన్నా ఏమి కావాలని అడిగితే ఆ రెండేండ్లే అడుగుతాను.

ఒకనాడు ఉండబట్టలేక మైదానానికి పోయినాను. ఒక్కడే మేకులు కొడతా ఉన్నాడు. చాప రెండో కొసన నేను కూర్చోని సుత్తి తీసుకున్నాను. ఆయన తలెత్తకుండానే, "వంకర పోతా ఉండాది, నేరుగా కొట్టు" అన్నాడు. అంతే, మా మధ్య రాజీ అయిపోయింది. ఆ కామసముద్రం అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో కోచ్. మొన్న ఆయన్ని సాగనంపేటప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది. పట్టుకోని ఓదార్చినాను.

పోయిన నెల, "ఒకసారి చాంపియన్ రీఫ్స్ చూపించమ్మా" అంటే కార్లో పిల్చుకోని పోయినాను. మైదానమంతా తుమ్మకంప. అవతల గని షాఫ్ట్ మీద చక్రాలు కదలకుండా ఉండాయి. చేతికర్ర ఊతంతో మెల్లగా నడిమధ్యకి పోయి నిలబడినాడు. నా వైపు తిరిగి, ఫీల్డర్ని నిలబెట్టినట్టు రెండడుగులు పక్కకి జరగమని చెయ్యి ఊపినాడు. జరిగినాను. ఇంకొంచెం వెనక్కి అన్నాడు. పోయినాను.

"ఆడనే ఉండు! ఇంగ కదలద్దు!"

చేతికర్ర కింద పెట్టేసి, ఎండలో మూడడుగులు నడిచి, ఉత్త చెయ్యి తిప్పినాడు. నేను క్యాచ్ కోసం రెండు చేతులూ చాచి నిలబడినాను.