వచ్చేది డెబిట్టు

పాతపట్నంలో ఇంటర్ అయ్యాక టీచర్ ట్రైనింగుకి దరఖాస్తు నింపి పెట్టుకున్నాను. దాన్ని పక్కన పెట్టించింది మా మావయ్య, అమ్మకి సొంత తమ్ముడు. సాలూరులో ఒక లారీ ఆఫీసులో గుమస్తా. "టీసర్లు ఊరికి పదిమంది ఉన్నారే. బీకాం సదువు. మా సావుకారు కంప్యూటర్ కొంతన్నాడు, లెక్కలు రాసే మనిషి కావాల. ఆ సీటు నీదే, నాను సూసుకుంతాను," అన్నాడు. ఆయన మాటంటే మా ఇంట్లో ఇక రాతకోతలు అక్కర్లేదు.

శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి మూడేళ్ళు చదివాను. మొదటి ఏడాది డెబిట్, క్రెడిట్ నాకు కొరుకుడు పడలేదు. తప్పంతా జమ అనే మాటది. మా వైపు చేతికొచ్చిన డబ్బు జమ. బ్యాంకు పుస్తకంలో జమ అంటే క్రెడిట్. కాలేజీలో మాత్రం నగదు ఖాతాలోకి వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్. ఎన్నిసార్లు తలకిందులుగా రాసి మార్కులు పోగొట్టుకున్నానో! బుర్రకెక్కాక ఎవరికైనా చెబితేగాని నిలవలేకపోయాను.

సెలవుల్లో సాలూరు వెళ్ళి చెప్పింది మావయ్యకే. ఆయన తన పాత పద్దు పుస్తకం తీస్తే, జమ అన్న చోటల్లా పెన్సిల్‌తో డెబిట్ అని రాసి చూపించాను. మూడు రోజుల్లో పట్టేశాడు. "వచ్చీది డెబిట్టు, ఎల్లీది క్రెడిట్టు. అంతేనేటే?" అని అన్నం తింటూ అత్త ముందు అప్పజెప్పేవాడు. నాకెంత గర్వమో.

డిగ్రీ అవగానే షావుకారు ఒక నెల రాసి చూపించమన్నాడు. ఒక్క పొరపాటు లేకుండా రాశాను. ఇప్పటికీ ఆ మాట మీద నిలబడతాను. నెలాఖరున ఆయన కాగితాలు మావయ్య చేతికిచ్చి, ఎలా ఉన్నాయని అడిగాడు. మావయ్య కళ్ళజోడు సర్దుకుని, "జమంతా డెబిట్లో రాసీసింది బాబూ. సిన్నపిల్ల, తెలవనేదు," అన్నాడు.

వేళాకోళం అనుకుని నవ్వాను కూడా. తర్వాత షావుకారుకి వివరించబోయాను. ఆయన మావయ్య వైపు తిరిగి, "ఇదేటి, కొత్త పద్ధతా?" అన్నాడు.

"నానెరగను బాబూ. పాతోడిని."

నా ఒళ్ళు మండిపోయింది. నా పక్కన కూర్చుని నేర్చుకున్న మనిషి! "నీకు నేనే కదా చెప్పాను మావయ్యా" అనబోయాను. ఆయన నా వైపు చూడనే లేదు. సంచి తీసుకుని బయటికొచ్చేశాను.

బస్సు కోసం నిలబడితే వెనకాలే వచ్చాడు. కంప్యూటర్ తనే నేర్చుకుంటాడట, షావుకారు ఒప్పుకున్నాడట. "ఆడు ఇద్దరికి జీతం ఇవ్వడే. నువ్వొస్తే నన్ను ఇంటికెల్లిపొమ్మంటాడు. నీకు వయసున్నాది, ఎక్కడైనా దొరుకుతాది. నాకెవుడిస్తాడు సెప్పు?" అన్నాడు.

అది అబద్ధం కాదు. ఆ మాటే ముందు ఇంట్లో చెప్పి ఉంటే నేనే తప్పుకునేదాన్ని. చెప్పలేదు. షావుకారు ముందు నాకు చదువే రాదనిపించాడు. అందుకే ఈనాటికీ క్షమించలేను.

ఇంటికెళ్ళాక ఏమైందని అమ్మ అడిగింది. నాకే లెక్కలు సరిగ్గా రాలేదన్నాను. ఆవిడకి ఒక్కడే తమ్ముడు.