చేంతాడు ముక్క

దయ్యం పట్టిందని ఎవరన్నా అంటే, ముందు జ్వరముందేమో చూడమనేదాన్ని. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

పంతొమ్మిది వందల యాభైల్లో ఎమ్మిగనూరులో, దిక్కులేని ముసలివాళ్ల ఆశ్రమంలో ఆయాగా ఉండేదాన్ని. ఎనిమిది మంచాలకు నేనొక్కదాన్నే. వాళ్లు పడకుండా చూడటమే నా అసలు పని. ఆ వయసులో తుంటి విరిగితే మళ్లీ లేచేది ఉండదు.

నాగప్ప తాత బతుకంతా గుంటమగ్గంలో కాళ్లు దించి నేసినవాడు. గుంటలోంచి లేవాలంటే రెండు చేతులూ గట్టు మీద ఊని, ఒక్క ఊపున పైకి రావాలి. మంచం మీంచి కూడా అలాగే లేవబోయేవాడు. నులక కిందికి దిగేది, తాత ముందుకు పడేవాడు. ఎంత చెప్పినా ఆ చేతులు మాట వినేవి కావు. చివరికి విసుగొచ్చి, దూలానికి చేంతాడు ముక్క కట్టి చేతికిచ్చాను. ఇంక పడలేదు.

పక్క మంచం హుసేనమ్మ అవ్వది. చూపు లేదు, తొందరెక్కువ. ఆమె కదిలితే చాలు, తాత తన తాడు అందించి నిదానంగా లెయ్యమని చెప్పేవాడు.

ఆ వేసవిలో తాత జ్వరంతో పోయాడు. వారం తిరక్కుండా బావి చేంతాడు తెగింది. దూలానికున్న ముక్క విప్పి అతుకు వేశాను. అవ్వ సంగతి తట్టనే లేదు. నా బుద్ధిని ఏమనాలి!

మధ్యాహ్నం గది కడిగి, బావి దగ్గర నీళ్లు చేదుతున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. అవ్వ నిద్ర లేచే వేళ. నేల తడి. తాడు నా చేతిలో ఉంది. చేద వదిలేసి పరుగెత్తాను.

అవ్వ తడినేల మీద నిలబడి ఉంది. కుడిచెయ్యి పైకెత్తి, గాలిలో పిడికిలి బిగించింది. ఒళ్లు కొంచెం కూడా తూలడం లేదు.

నడుం పట్టుకుని అడిగాను. "తాడు లేకుండా ఎట్ల లేస్తివవ్వా?"

"యాడ లేదు? నాగప్ప ఇచ్చినాడు కదమ్మా. నిదానంగా లెయ్యక్కా అన్నాడు."

తాత పోయిన సంగతి ఆమెకు తెలుసు. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆమే. మతిమరుపేమోననుకుంటూ పిడికిలి విప్పాను. అరచేతికి అడ్డంగా తాడు పురి ముద్ర ఎర్రగా పడి ఉంది. నీళ్లు చేదిన నా చేతిలోనూ అలాంటిదే ఉంది.

ఆ సాయంత్రమే ప్రతి మంచానికీ తాడు కట్టాను, తాత ఖాళీ మంచానికి కూడా. ఆ ముద్ర ఎలా పడిందో ఎంత ఆలోచించినా ఈనాటికీ నాకు తెలియదు.

అవ్వ మాత్రం ఉన్నన్నాళ్లూ, లేచి నిలబడ్డాక తన తాడును పక్క మంచం వైపు చాచి, ఎవరో అందుకునేదాకా అన్నట్టు కాసేపు ఆగి, అప్పుడు వదిలేది.