నీడ లేని పెళ్లికొడుకు

పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. పిల్లను చూడబోయి పిల్ల చెల్లెల్ని చూసొచ్చినవాళ్లనూ చూసుంటారు. పెళ్లిచూపులకు వెళ్లి, దెయ్యమనిపించుకుని, కొబ్బరిమట్టతో తన్నులు తిన్నవాణ్ని మాత్రం చూసుండరు. ఇప్పుడు చూడండి, నేనే. పేరు ధర్మారావు. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. కాకపోతే చివరిదాకా చదివాక కూడా నవ్వొస్తేనే నవ్వండి.

అప్పట్లో నాకు ఇరవై ఆరేళ్లు. పలాసలో జీడిపప్పు నాణ్యం చూసే ఉద్యోగం. తిండికి, బట్టకి లోటు లేదు. ఉన్నదల్లా ఒక్క జబ్బు. ఎవరికీ తెలియని విశేషాలు ఫోనులో ఏరి పెట్టుకుని, ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ని. "మీకు తెలుసా?" అని నేను నోరు తెరిస్తే మా వీధిలో కుక్కలు కూడా లేచి పక్క వీధికి పోయేవి.

ఈ జబ్బు మూలంగా అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మొదటి ఇంట్లో పిల్ల తండ్రి అరటిపండు ఒలుచుకుంటుంటే, అరటిపండులో కాస్త రేడియోధార్మికత ఉంటుందని చెప్పాను. ఆయన పండును మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు, మమ్మల్ని మళ్లీ పిలవలేదు. రెండో ఇంటాయన "ఈ జీడిసెట్టు మన తాతముత్తాతల ఆస్తి" అని మురిసిపోతుంటే, అది పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టని సరిదిద్దాను. ఆయన మా అమ్మ వైపు తిరిగి, "మీ అబ్బాయికి బ్రెజిల్‌లో పిల్లని సూసుకోండి" అన్నాడు.

మూడో సంబంధం బృందావతిది. సోంపేట దాటి సముద్రం వైపు పోతే వాళ్ల ఊరు. ఫోటో చూసిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. ఈ పిల్ల కాకపోతే ఇక పెళ్లే వద్దనుకున్నాను. మా అమ్మకు ఆ సంగతి తెలుసు. బయల్దేరే ముందు నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టేయించుకుంది.

"ఒరే, ఈ ఒక్కపాలి నోరు మూసుకోరా. అడిగిందానికే సెప్పు. నీ ఇసేసాలు ఒక్కటి బైటికొచ్చిందా, నా మీద ఒట్టే!"

"సరేలే అమ్మా."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఇంట్లో మాత్రం నోరు మూస్తేనే పెళ్లి.

మే నెల మధ్య రోజులు. నిప్పులు చెరిగే ఎండ. ఊరు ఇంకో రెండు కిలోమీటర్లుందనగా మా ఆటో చక్రం ఇసుకలో కూరుకుపోయి పంక్చరయింది. ఫోను చేద్దామంటే సిగ్నల్ లేదు. అమ్మ, "నువ్వు జీడితోటల్లోంచి అడ్డంగా పోయి, మేం ఎనకాల వత్తన్నామని సెప్పరా. ఆలు ఎదురుసూత్తంటారు" అని నన్ను పంపింది. నాన్న ఆటో కిందికి దూరి ఉన్నాడు. కనక నేను ఒంటరిగా, మిట్టమధ్యాహ్నం, చేతిలో ఒక స్టీలు నీళ్లసీసాతో తోటలోకి దిగాను.

దిగాక గుర్తొచ్చింది, ఆ రోజు మామూలు రోజు కాదని. మీకు తెలుసా? (ఇప్పుడు ఒట్టు లేదు, చెప్పుకోవచ్చు.) మన వైపు ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ కాసేపూ నిటారుగా ఉన్న దేనికీ నీడ పడదు. ఢిల్లీలో ఇది ఎప్పటికీ జరగదు. అదీ పన్నెండింటికి కాదు. మన గడియారాలు కాకినాడ దగ్గర పోయే రేఖాంశపు గీతను బట్టి నడుస్తాయి. మనం దానికి తూర్పున ఉన్నాం కనక మన మధ్యాహ్నం పది నిమిషాల ముందే వచ్చేస్తుంది.

సంతోషంతో పది అడుగులకోసారి ఆగి నా నీడ చూసుకుంటూ నడిచాను. మూరెడుంది. జానెడైంది. బెత్తెడైంది. ఆ తర్వాత ఎందుకో సంతోషం తగ్గింది. తోటలో ఒక్క పిట్ట కూయడం లేదు. గాలి ఆగిపోయింది. కంచె గుంజలు నీడ లేక, ఎవరో కత్తిరించి ఇసుక మీద అతికించినట్టున్నాయి. తుపానుకు మోడైన కొబ్బరిచెట్లు కూడా అంతే. సముద్రం హోరు మాత్రం కుడివైపు నుంచి వినిపించాల్సింది వెనక నుంచి వినిపించింది.

మొగలిపొదల దగ్గర ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నడుముకు తువ్వాలు, ఒళ్లంతా తడి.

"నీళ్లున్నాయా బావూ?" అన్నాడు.

సీసా ఇచ్చాను. మధ్యలో ఊపిరి తీసుకోకుండా మొత్తం తాగేసి, "ఇంకా ఉన్నాయేటి?" అన్నాడు.

అమ్మకు వేసిన ఒట్టు పెళ్లివారింటి వరకే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. "ఉప్పునీళ్లు తాగినవాడు ఎంత తాగితే అంత దాహం పెరిగి చస్తాడు, తెలుసా?" అన్నాను.

"తెలుసు బావూ" అన్నాడు.

నాకు చిన్నతనం అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక నా విశేషానికి 'తెలుసు' అన్న మొదటి మనిషి అతనే. ముఖం మాడ్చుకుని, సీసా అతని దగ్గరే వదిలేసి గబగబా నడిచాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నాకు ఆ తర్వాతే తెలిసింది. ఆ ఊరివాళ్లకు ఒక భయం ఉంది. చేపల వేటకెళ్లి, సముద్రంలో ఉప్పునీళ్లు తాగి పోయినవాడికి దాహం తీరదట. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా తోటలోంచి వచ్చి మంచినీళ్లడుగుతాడట. గుర్తు ఒక్కటే, వాడికి నీడ ఉండదు. నీళ్లిచ్చారా, ఇచ్చినవాళ్ల వెంట ఇంటిదాకా వస్తాడట.

ఇప్పుడు నన్ను చూడండి. నాలుక పిడచకట్టుకుపోయి, పన్నెండుకు పది నిమిషాల ముందు, తోటలోంచి ఒంటరిగా వెళ్లి, బృందావతి వాళ్ల వాకిట్లో నిటారుగా నిలబడ్డాను. జీడిగింజలు ఆరబోస్తున్న వాళ్ల మామ్మ సాయమ్మ తలెత్తింది.

"మామ్మా, కాసిన్ని మంచినీళ్లు" అన్నాను.

"ఎవులు బావూ? కూడా ఎవులొచ్చారు?"

"ఎవరూ లేరు, ఒక్కణ్నే. తోటలోంచి వచ్చాను."

ఆవిడ చూపు నా ముఖం మీంచి మెల్లగా కిందికి దిగి, నా కాళ్ల దగ్గర ఆగింది. చెప్పుల కింద ఇంత నలుపు తప్ప చుట్టూ తెల్లటి ఇసుక.

"నీ నీడేదిరా?" అంది.

మహాప్రభో! జీవితంలో మొదటిసారి ఒక మనిషి నన్ను విశేషం అడిగింది. అమ్మ చెప్పనే చెప్పింది కదా, అడిగిందానికి చెప్పమని. ఛాతీ విరుచుకుని, నవ్వుతూ, "ఈ రోజు నాకు నీడుండదు మామ్మా!" అన్నాను.

"ఓలమ్మో! ఒచ్చీసినాడ్రోయ్!"

లోపలి నుంచి పిల్ల తండ్రి ఢిల్లేశ్వరరావుగారు కొబ్బరిమట్టతో దూసుకొచ్చాడు. సాయమ్మ గుప్పెడు రాళ్ల ఉప్పు నా ముఖాన కొట్టింది.

"మావయ్యగారూ, నేను చెప్పేది..."

"ఎవుడ్రా నీకు మావ? ఎలిపో! సముద్రంలోకి ఎలిపో!"

"కాదండీ, భూమి ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి..."

డిగ్రీకొకటి చొప్పున పడ్డాయి. ఇరవై మూడున్నరలో ఏడో ఎనిమిదో పూర్తయ్యేసరికి గడప దగ్గర ఒక ఆడగొంతు వినిపించింది.

"నాన్నా, ముందు నీ నీడెక్కడుందో సూసుకో."

బృందావతి. ఫోటోలో కంటే బాగుంది. వీపు మండిపోతున్నా ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఢిల్లేశ్వరరావుగారు కిందికి చూసుకున్నాడు. చేతిలో మట్టకు తప్ప మనిషికి నీడ లేదు. మట్ట జారిపోయింది. సాయమ్మ తన కాళ్ల చుట్టూ వెతుక్కుంది. వాకిట్లో కోడిపెట్ట కదలకుండా నిలబడి ఉంది. ఇదంతా ఎందుకో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, అయినా నేనూ నా కాళ్ల కిందికి మరోసారి చూసుకున్నాను.

"అయితే మనందరం సచ్చిపోనామేటే?" అంది సాయమ్మ, మనవరాలి చెయ్యి పట్టుకుని.

బృందావతి కిసుక్కున నవ్వి, లోపలి నుంచి రోకలి తెచ్చి వాకిట్లో నిలబెట్టింది. దానికీ నీడ లేదు. కాసేపటికి తూర్పు వైపు సన్నగా, వేలెడు నీడ బయటపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. నా గోరుచుట్టును మాన్పింది ఆ రోకలే.

ఈలోగా ఆటో వచ్చింది. అమ్మ నా చిరిగిన చొక్కా, జుట్టులో ఉప్పు చూసి, "మళ్లీ ఏం సెప్పీసినావురా?" అని ఏడుపు లంకించుకుంది. ఢిల్లేశ్వరరావుగారు సిగ్గుతో చచ్చిపోయి, వంద క్షమాపణలు చెప్పి, కొబ్బరినూనె తెచ్చి వీపుకు తానే రాశాడు. కాబోయే మావగారి చేత నూనె రాయించుకున్న అల్లుణ్ని కూడా మీరు చూసుండరు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ధైర్యం వచ్చి నేను, "నిజానికి నా సీసాలో నీళ్లుండేవి. మొగలిపొదల దగ్గర ఎవరో తడిసిన మనిషి అడిగితే ఇచ్చేశాను" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి.

"ఆ ఏపు ఎవులూ ఉండరే" అన్నాడు ఢిల్లేశ్వరరావుగారు. "ఈయాల వేటకి కూడా ఎవులూ ఎల్లనేదు."

సాయమ్మ నా వైపు వంగింది. "ఆడికి నీడుందేటి?"

నోరు తెరిచాను. మూశాను. ఆ సమయానికి ఎవరికీ నీడ లేదు. మనిషైనా, కాకపోయినా తేడా తెలుసుకునే ఒకే ఒక్క గుర్తు, ఏడాదికి రెండు రోజులు మాత్రం పనికిరాదు. ఆ రెండు రోజుల్లో ఒక రోజును ఏరుకున్నట్టుగా నేను తోటలో నడిచాను.

"తెలీదు" అన్నాను. ఆ మాట నా నోట వినడం మా అమ్మకు అదే మొదలు.

సంబంధం ఖాయమైంది. ఎండ తగ్గాక, నీడలు బారెడు సాగాక బయల్దేరాం. అమ్మ గేటు దగ్గర ఆగి, "నీ సీసా ఇక్కడెట్టీసినావేటిరా?" అంది.

గేటు గుంజ మీద నా స్టీలు సీసా. మూత బిగించి ఉంది. మూత మీద నేను మేకుతో గీసుకున్న నా పేరు. ఎత్తితే బరువుగా ఉంది. విప్పి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను.

ఉప్పు.

దీనికి కారణం ఉంది. సముద్రపు ఒడ్డున బావుల్లో నీళ్లు ఎక్కువ తోడేస్తే, అడుగు నుంచి ఉప్పునీరు చొచ్చుకొస్తుంది. ఎవరో పుణ్యాత్ముడు అలాంటి బావిలో నింపి, సీసా తిరిగిచ్చిపోయాడు. అంతే, ఇంకేం లేదు. 'మీకు తెలుసా' అన్న మాట గొంతు దాకా వచ్చింది.

గడపలోంచి బృందావతి అడిగింది. "ఏటవి? నీళ్లేనా?"

"నీళ్లే" అన్నాను, మింగేసి.

కనక పాఠకులారా, మా ఆవిడ పుట్టింటి రోకలి మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ మిట్టమధ్యాహ్నం పెళ్లిచూపులకు వెళ్లను. (వెళ్తే ఆ రోకలి ఎందుకు పనికొస్తుందో మా ఆవిడ చెప్పింది.) నీడ లేనప్పుడు ఎవరి వాకిట్లోనూ నిలబడను. దాహంతో ఉన్నవాడికి నీళ్లిస్తాను, విశేషం మాత్రం చచ్చినా చెప్పను. వాడు మళ్లీ 'తెలుసు బావూ' అంటే, ఈసారి ఎలా తెలుసని అడగాలని బుద్ధి పుడుతుంది.