మా ఆయన పారపళ్ళు

మా ఆయన ముందరి పళ్ళు రెండూ పారల్లా వెడల్పుగా ఉండేవి. మా అత్తవీ అంతే. మందమర్రి బొగ్గుబావి డ్యూటీ దిగి నల్లటి ముఖంతో వస్తుంటే, దూరం నుంచి ఆ పళ్ళను బట్టే గుర్తుపట్టేదాన్ని. ఆయన జ్వరంతో పోయేనాటికి నా బిడ్డకు మూడేళ్ళు.

నెల తిరగకముందే, ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందర, అత్త నా బిడ్డ పెదవి ఎత్తి ఆడవాళ్ళందరికీ చూపించింది.

“సూడుండ్రి, బియ్యపు గింజలు. మా ఇంట్ల గిసొంటి పళ్ళు ఎవ్వలకన్న ఉన్నయా? గిది నా కొడుకు బిడ్డ కాదు.”

ఒకావిడ నవ్వింది. ఆవిడ ఈ మధ్యనే చనిపోయింది. మట్టి వేయడానికి నేను వెళ్ళలేదు.

పాలపళ్ళు అందరికీ చిన్నవేనని అప్పుడు నాకూ తెలియదు. పెద్దపల్లిలో మా అవ్వగారింటికి, పుట్టింటికి వచ్చి బీడీలు చుడుతూ బతికాను. బిడ్డకు ఏడేళ్ళు నిండాక కొత్త పళ్ళు మొలిచాయి. అవే పారలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి. చిగుళ్ళు వాస్తే పళ్ళ డాక్టరుకు చూపించాను.

“దవడ నీ తీరు చిన్నగున్నదమ్మా. పళ్ళు నాయిన తరపువి, పెద్దగున్నయి. జాగ సాలుత లేదు. పక్కన రెండు పాలపళ్ళు పీకితే సదురుకుంటయి.”

“పళ్ళ సైజు కన్నోళ్ళ నుంచే వస్తదా సారూ?”

“శానా మటుకు గంతే. ఇయ్యాల్నే పీకుదమా?”

“ఇప్పుడే వద్దు సారూ.”

మా ఆయన పేరిట మందమర్రిలో అత్త ఏటేటా పెట్టే ప్రార్థన కూడిక ఇంకో మూడు వారాలుంది. బియ్యపు గింజల పక్కనే పారలను అత్త కళ్ళారా చూడాలి. అంతదాకా బిడ్డ నొప్పితో గంజే తాగింది. ఈ మాట రాయొద్దంటోంది నా బిడ్డ. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది తనే. రాయమన్నాను. చేసింది నేనే కదా.

కూడిక రోజు చాపల మీద అందరూ తింటుండగా బిడ్డను అత్త ముందు నిలబెట్టాను.

“నోరు తెరువు బిడ్డా.”

అత్త చాలాసేపు చూసింది. “నా కొడుకు పళ్ళే,” అని బిడ్డ గడ్డం పట్టుకోబోయింది. బిడ్డను వెనక్కి లాగాను.

“ఇంట్ల చెప్తే ఎట్ల అత్తా? చర్చి ముందర అన్నవు. గాడనే చెప్పు.”

“మోకాళ్ళు లేస్త లెవ్వే.”

“ఎత్తుకపోత పా.”

చర్చి దాకా మూడుచోట్ల కూర్చుని కూర్చుని వచ్చింది. వెంట వచ్చిన ఆడవాళ్ళందరూ వినేలా, తన కొడుకు బిడ్డే అని చెప్పింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

“నా మన్మరాలిని నాకాడ నాల్గు దినాలు ఉంచుతవా?”

“పళ్ళు సూపెట్టనీకి తెచ్చిన. పిల్లను ఇయ్యనీకి కాదు.”

బిడ్డ నా కొంగు లాగింది. “అవ్వా, ఇగ పీకిచ్చుకోవచ్చా?”

మర్నాడు పీకించాను. అత్త బతికినన్నాళ్ళూ బిడ్డను మళ్ళీ ఆమె కంటబడనియ్యలేదు.