మోగని కీబోర్డు

కంప్యూటర్‌లో పాటలు కట్టడం నేర్చుకుందామని అప్పట్లో హైదరాబాద్‌లో ఒక చిన్న కీబోర్డు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే వైరు, సాఫ్ట్‌వేర్ సీడీ కొని గద్వాల బస్సెక్కాను. హెడ్‌ఫోన్లు కొనాలా, పెద్ద స్పీకర్లు కొనాలా అన్నది మాత్రం తేల్చుకోలేకపోయాను. నా ఒళ్లోని అట్టపెట్టె మీది బొమ్మ చూసి, పక్క సీట్లోని నడివయసు మనిషి పలకరించాడు.

“నేర్చుకుంటున్నవా తమ్మీ?”

అవునని చెప్పి, స్పీకర్ల సంగతి అడిగాను. ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“నాకు ఇనవడదు. షాదీలల్ల కీబోర్డు వాయించేటోణ్ణి. పెద్ద పెద్ద స్పీకర్ల పక్కనే కూసుంటుంటి. రెండు చెవులు పాయె. ఇగ రావని దవాఖానల చెప్పిన్రు.”

నా ఒళ్లోని అట్టపెట్టె చూపిస్తూ, “జర తియ్యి, చూస్త” అన్నాడు. కీబోర్డు తీసి ఆయన ఒళ్లో పెట్టాను. బ్యాటరీలు లేవని వెనక ఖాళీ గూడు చూపించాను.

“ఉంటె మాత్రం నాకేం ఇనొస్తది?” అన్నాడు.

కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేదాకా ఆయన వేళ్లు ఎక్కడా తడబడలేదు. పాట అయిపోయినట్టుంది, చేతులెత్తి నా ముఖంలోకి చూశాడు.

“మంచిగ వచ్చిందా?”

అది మోగలేదని మా ఇద్దరికీ తెలుసు. అయినా వచ్చిందని తలూపాను. ఆయన కీబోర్డును తువ్వాలతో తుడిచి నా ఒళ్లో పెట్టి, కిటికీ వైపు తిరిగాడు.